పాత ఆల్టో మైలేజీ పెంచుకోవాలంటే ఏ మార్పులు, ఏ వరుసలో చేయాలి?

పాత చిన్న కారు ఉన్నవారిలో ఎక్కువమంది నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: ఏం బిగిస్తే మైలేజీ పెరుగుతుంది? నేను ముందుగా చెప్పే సమాధానం వారికి అంతగా రుచించదు, ఎందుకంటే అలాంటి కార్లలో కొత్తగా బిగించవలసిన వాటికంటే, గత పదిహేనేళ్లలో ఎవరెవరో బిగించినవీ పీకేసినవీ సరిచేయడమే పెద్ద పని. కంపెనీ ఇచ్చిన స్థితికి కారును తీసుకురావడం ఎవరికీ మార్పులా కనిపించదు గానీ, లాభంలో సింహభాగం అక్కడే ఉంటుంది.

ఈ పద్ధతిని 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8డి ఇంజిన్ ఉన్న పాత మారుతి ఆల్టోను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2000లో వచ్చిన ఈ కారు మన పట్టణాల్లో ఇప్పటికీ విస్తారంగా తిరుగుతోంది, విడిభాగాలు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. మారుతి 800, జెన్, శాంత్రో, పాత వ్యాగన్ఆర్ ఉన్నవారికి కూడా వరుస ఇదే. కొలతలు మాత్రం మీ కారు పుస్తకంలో చూసుకోవాలి.

కావలసినవి

మీ సొంత టైరు గాలి గేజు, ఒక నోటు పుస్తకం, జాకీతో పాటు రెండు గట్టి స్టాండ్లు, స్పార్క్ ప్లగ్ స్పానరు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజు, థ్రాటిల్ బాడీ క్లీనర్ డబ్బా ఒకటి, వంటింట్లో పనికి తిరిగి వాడని పాత గిన్నె ఒకటి సిద్ధం చేసుకోండి. గిన్నె ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసి, కారు కంప్యూటరులోని లోపాలను చదివే చవక స్కానర్ కొనకండి. పాత ఆల్టోల్లో చాలావాటికి అది అనుసంధానం కాదు. ఆ పరీక్ష అవసరమైతే మెకానిక్ దగ్గరున్న స్కానర్‌తోనే చేయించాలి.

1. ముందు ఇప్పటి మైలేజీని కొలవండి

ఏ నట్టు విప్పక ముందే వరుసగా మూడుసార్లు కొలత తీయాలి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగేదాకా పెట్రోల్ పోయించి మీటరు అంకె రాసుకోండి. ఆగిన తరువాత, లెక్క సరిపోవడానికి ఇంకో రెండు రూపాయలది పోస్తానంటే వద్దని చెప్పండి, ఎందుకంటే ఆ పైన పోసేది ఒక్కోసారి ఒక్కోలా ఉండి లెక్క చెడగొడుతుంది. కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే, అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. 412 కిలోమీటర్లకు 27.5 లీటర్లు పట్టిందంటే 14.98 అన్నమాట. మూడు కొలతల సగటే మీ అసలు అంకె. ఒక్క ట్యాంకు లెక్కను ఎప్పుడూ నమ్మకండి.

ఇక్కడ చాలామందికి తెలియకుండా జరిగే మోసం టైరుది. ఆల్టోకు కంపెనీ ఇచ్చిన సైజు 145/80 ఆర్12. టైర్ల దుకాణంలో ఆ సైజు లేనప్పుడు మారుతి 800కు వేసే 145/70 ఆర్12 వేసి పంపడం నేను ఎన్నోసార్లు చూశాను. అంచు ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంటుంది. కానీ మొదటి దాని వ్యాసం దాదాపు 537 మిల్లీమీటర్లు, రెండో దానిది 508. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీరు నిజంగా వంద కిలోమీటర్లు వెళితే మీటరు దాదాపు 105.7 చూపిస్తుంది. అంటే 16 ఇచ్చే కారు కాగితం మీద 16.9 ఇచ్చినట్టు కనిపిస్తుంది. టైర్లు మార్చాక మైలేజీ పెరిగిందని సంతోషించేవారిలో కొందరి సంతోషానికి మూలం ఇదే. పైగా ఆ చిన్న టైర్లతో హైవే మీద అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి కాబట్టి అసలు మైలేజీ తగ్గే అవకాశమే ఎక్కువ.

మీ మీటరును పరీక్షించడం తేలిక. జాతీయ రహదారి పక్కన పసుపు, తెలుపు రంగుల కిలోమీటరు రాళ్లు ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ మధ్య 65వ నంబరు రహదారి మీదో, మీకు దగ్గరలోని మరో రహదారి మీదో, ఇరవై కిలోమీటర్లు రాయి నుంచి రాయికి వెళ్లి మీటరుతో పోల్చండి. రాళ్లను చూసి రాసుకునే పని పక్కనున్నవారికి అప్పగించండి, మీరు రోడ్డు మీద నుంచి చూపు తిప్పవద్దు. ఫోనులోని జీపీఎస్ దూరం కూడా ఈ పనికి సరిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. 2010లో మీ కారు ఇచ్చిన మైలేజీతో ఈనాటి అంకెను పోల్చి బాధపడకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, ఒట్టి పెట్రోల్‌తో పోలిస్తే ఆరేడు శాతం తగ్గుదల ఇంధనంలోనే ఉంది. దాన్ని ఏ మెకానిక్ కూడా తిరిగి తేలేడు. అయితే ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరచగలదు కనుక, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా వచ్చే రబ్బరు పైపులను ఈ సందర్భంలోనే పరిశీలించి, ఉబ్బినా పగిలినా ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి. పెట్రోల్ వాసన వస్తున్న కారుతో మిగతా మెట్లు మొదలుపెట్టవద్దు.

2. కారు తేలికగా దొర్లుతోందా?

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు, అంటే రాత్రంతా నిలిపిన తరువాత ఉదయమే, మీ సొంత గేజుతో చూడండి. పంక్చర్ షాపుల్లో గేజులు ఒకదానికొకటి కలవవు. కారు మీద అంటించిన స్టిక్కరులోనో పుస్తకంలోనో ఉన్న అంకె పెట్టండి, లేదా దానికి రెండు పిఎస్ఐ ఎక్కువ పెట్టవచ్చు. టైరు పక్క గోడ మీద రాసి ఉండే గరిష్ఠ అంకె దాకా నింపితే మైలేజీ పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. అది వినకండి. వానలో బ్రేకు వేసినప్పుడు ఆ టైరు జారుతుంది.

తరువాత బ్రేకులు. బ్రేకు తక్కువగా వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, ఆగి, నాలుగు చక్రాల అంచుల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి. డిస్కును మాత్రం తాకవద్దు, చెయ్యి కాలుతుంది. ముందు రెండూ ఒకేలా, వెనుక రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం. దాన్ని రూఢి చేసుకోవడానికి కారును సమతలం మీద నిలిపి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో లేపి స్టాండు మీద ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చెయ్యి పెట్టవద్దు. వెనుక చక్రాలను తిప్పేటప్పుడు హ్యాండ్ బ్రేక్ దించి ఉండాలి. దించినా చక్రం బిగుతుగా ఉంటే కేబుల్ లోపల తుప్పు పట్టి ఉంటుంది లేదా ఎవరో అతిగా బిగించి ఉంటారు. ముందు చక్రాలకైతే కాలిపర్ (డిస్కును బిగించి పట్టే భాగం) జారే పిన్నులలో గ్రీజు ఎండిపోవడమే సాధారణ కారణం. పిన్నులు శుభ్రం చేసి, అందుకు వాడే గ్రీజే రాయించండి. మామూలు బేరింగు గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి కొన్నాళ్లకు మళ్లీ అదే తంటా వస్తుంది.

చక్రం తిప్పినప్పుడు గరగర శబ్దం వస్తే బేరింగు మార్చాలి. టైరు ఒక అంచునే అరిగి ఉంటే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముందు యజమాని సోకు కోసం వెడల్పు టైర్లు, బరువైన అల్లాయ్ చక్రాలు వేయించి ఉంటే, టైర్లు అరిగినప్పుడు కంపెనీ సైజుకు తిరిగి వెళ్లండి. బాగున్న టైర్లను అందుకోసమే తీసి పారేస్తే ఆ డబ్బు పెట్రోల్ ఆదాలో ఎప్పటికీ తిరిగి రాదు.

3. థర్మోస్టాట్ ఉందా, లేదా?

నన్ను ఒక్క మెట్టే చెప్పమంటే ఇదే చెబుతాను. మన ప్రాంతంలో కారు వేడెక్కిందని షెడ్డుకు తీసుకువెళితే థర్మోస్టాట్ వాల్వును, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వును, పీకి పక్కన పడేయడం ఏళ్ల తరబడి ఆనవాయితీగా సాగింది. "మన ఎండలకి ఇది అవసరం లేదండీ" అంటారు. రేడియేటర్ ఫ్యానును కూడా తాళం తిప్పగానే తిరిగేలా నేరుగా కలిపేస్తారు. దాంతో ఇంజిన్ తన సరైన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. చల్లని ఇంజిన్‌కు కంప్యూటరు ఎక్కువ పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది, చిక్కగా ఉన్న ఆయిల్ లాగుడు పెంచుతుంది.

నేను కొన్న 2007 ఆల్టోలో డిసెంబరు ఉదయాల్లో పన్నెండు కిలోమీటర్లు నడిపినా టెంపరేచర్ ముల్లు పావు గీత దాటేది కాదు. చల్లని వాతావరణం కదా అనుకున్నాను. విప్పి చూస్తే వాల్వు ఉండవలసిన చోట ఖాళీ గూడు, దాని అంచున పాత గాస్కెట్ ముక్క, పక్కనే ఎర్రటి తుప్పు గీత ఉన్నాయి. కొత్త వాల్వు వేసి, ఫ్యాను తీగలు పూర్వంలా కలిపాక, మూడు ట్యాంకుల సగటు మీద లీటరుకు కిలోమీటరుకు పైగా తేడా వచ్చింది.

మీరు ఇలా చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావు రబ్బరు పైపును నిమిషానికోసారి ముట్టుకోండి. వాల్వు ఉండి పనిచేస్తుంటే పైపు చాలాసేపు చల్లగానే ఉండి, ఒక దశలో గబుక్కున వేడెక్కుతుంది. మొదటి నిమిషాల నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే వాల్వు లేదు, లేదా తెరుచుకుపోయి ఉంది. చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా ఫ్యానుకు దూరంగా ఉంచండి, అది ఏ క్షణంలోనైనా తిరగడం మొదలుపెట్టవచ్చు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ఏ పరిస్థితిలోనూ తీయకండి.

కొత్త వాల్వును బిగించే ముందే గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో వేలాడదీసి వేడి చేయండి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. నీళ్లు మరిగేలోపు తెరుచుకుని, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. అలా జరగనిది కొత్తదైనా దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. వాల్వును ఎవరో ఊరికే తీయలేదు, కారు వేడెక్కిందనే తీశారు. ఆ అసలు కారణం తెలుసుకోకుండా వాల్వు పెడితే హెడ్ గాస్కెట్ పోయే ప్రమాదం ఉంది. చాలా కార్లలో ఆ కారణం బోరు నీళ్లే. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాలలో చారు గిన్నెకు పట్టినట్టు తెల్లని ఉప్పు పొర పేరుకుంటుంది. ముందు రేడియేటర్ కడిగించాలి, లేదా మార్పించాలి. కంపెనీ చెప్పిన కూలెంట్ పోసి, రేడియేటర్ మూత, ఫ్యాను స్విచ్ పనితీరు చూసి, ఆ తరువాతే వాల్వు బిగించాలి. మొదటి వారం ముల్లును కనిపెట్టుకుని ఉండండి. సగం దాటి ఎర్ర గీత వైపు పోతుంటే కారు ఆపేయాలి.

4. గాలి, నిప్పు, సెన్సార్

స్పార్క్ ప్లగ్గులు మూడూ తీసి వరుసగా పేర్చి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, తడి నూనె ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. సందును పుస్తకంలో ఉన్నంతే పెట్టండి. ఖరీదైన ఇరిడియం ప్లగ్గులు ఎక్కువ కాలం మన్నుతాయి గానీ, మంచి స్థితిలో ఉన్న మామూలు ప్లగ్గుల కంటే మైలేజీ ఇవ్వవు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో పేరుకున్న నల్లని జిగురును క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడవండి. ఇంజిన్ ఆగి ఉండాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఎయిర్ ఫిల్టర్ విషయంలో ఒక అపోహ ఉంది. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మురికిగా ఉంటే పికప్ తగ్గుతుంది గానీ, వచ్చే గాలిని బట్టే పెట్రోల్ అందుతుంది కాబట్టి మైలేజీ పెద్దగా మారదు. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800లో మాత్రం తేడా తెలుస్తుంది. అందుచేత ఆల్టోకు మామూలు ఫిల్టర్‌నే సమయానికి మార్చితే చాలు, స్పోర్ట్స్ ఫిల్టర్‌కు డబ్బు పెట్టకండి.

పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి పెట్రోల్ మోతాదు సరిచేయడానికి తోడ్పడే ఆక్సిజన్ సెన్సార్ పాతబడితే మందగించి పెట్రోల్ తాగిస్తుంది. కాలుష్య పరీక్షకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకోకుండా అందులోని అంకెలు చదవండి. బీఎస్-2, బీఎస్-3 పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.5 శాతం, బీఎస్-4 కార్లకు 0.3 శాతం. మీ అంకె పరిమితికి దగ్గరగా ఉంటే సెన్సార్‌ను స్కానర్‌తో పరీక్షించమని అడగండి. పరీక్షించకుండానే సెన్సార్ మార్చేద్దామనే సలహాకు తొందరపడి ఒప్పుకోకండి.

టాపెట్ల (ఇంజిన్ వాల్వులను తోసే భాగాల) సందు కూడా ఒకసారి చూపించండి. టకటక శబ్దం లేదు కదా అని వదిలేయవద్దు. సందు మరీ బిగుతైతే శబ్దం రాదు, వాల్వు మాత్రం కాలిపోతుంది.

5. ఆయిల్

పాత ఇంజిన్ అనగానే చిక్కటి 20డబ్ల్యూ-50 పోసేవారు ఉన్నారు. పుస్తకం అనుమతించిన వాటిలో పలుచని గ్రేడు వాడితే, ముఖ్యంగా చిన్న చిన్న దూరాలు తిరిగేవారికి, కొద్దిపాటి లాభం ఉంటుంది. అయితే మీ ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తింటుంటే ఈ మార్పు జోలికి వెళ్లకండి, పలుచని ఆయిల్ మరింత ఖర్చవుతుంది. డిప్‌స్టిక్ గీత దాటి ఎక్కువ పోయించడం కూడా నష్టమే.

6. బరువు, గాలి, ఏసీ

పైకప్పు మీది క్యారియర్‌ను వాడనప్పుడు తీసేయండి. హైవే మీద దాని భారం స్పష్టంగా తెలుస్తుంది. ముందు భాగంలో ఇనుప గార్డు ఉంటే దాన్ని కూడా తొలగించండి, అవి నిబంధనలకు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. డిక్కీలో పెద్ద స్పీకరు పెట్టె ఉంటే దించేయండి. స్టెప్నీ, జాకీలను మాత్రం బరువు తగ్గించే పేరుతో ఇంట్లో వదిలి వెళ్లకండి.

విదేశీ వీడియోలలో కారు ముందు జాలీని అట్టతో మూసేయడం చూపిస్తారు. అది మంచు కురిసే దేశాల పని. మన మే నెల ఎండలో జాలీ మూస్తే ఏసీ కండెన్సరుకు, రేడియేటర్‌కు గాలి అందదు. మనకు పనికొచ్చేది దానికి తిరగబడిన పని: కండెన్సరు రెక్కల మధ్య చేరిన దుమ్మును, పురుగులను తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగడం. ఇంత చిన్న ఇంజిన్‌కు ఏసీ కంప్రెసర్ పెద్ద భారమే కాబట్టి, అది త్వరగా చల్లబరచి త్వరగా ఆగితే ఆ మేరకు పెట్రోల్ మిగులుతుంది.

7. కొత్తగా బిగించదగినది: వాక్యూమ్ గేజు

పై పనులన్నీ అయ్యాకే ఇది. ఇంజిన్ లోపలికి గాలి పీల్చే మానిఫోల్డు నుంచి సన్నని గొట్టంతో కలిపే ఈ గేజు, మీ పాదం ఎంత బరువుగా ఉందో చెబుతుంది. ముల్లు ఎక్కువ వాక్యూమ్ చూపుతున్నంతసేపు పెట్రోల్ తక్కువ పోతున్నట్టు. కారు ఆగి ఉండి, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కకుండా తిరుగుతున్నప్పుడు ముల్లు దాదాపు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా ఉంటుంది. లయగా ఊగుతుంటే వాల్వులలో లోపం ఉందని అనుమానించాలి. బ్రేకు బూస్టరు గొట్టాన్ని కోసి దీన్ని ఎప్పుడూ కలపకండి. గొట్టం అతుకుల దగ్గర గాలి లీకైతే ఉన్న మైలేజీ కూడా పోతుంది.

8. సీఎన్‌జీ ప్రత్యామ్నాయం, కొనకూడనివి

నెలకు వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరుగుతూ, దగ్గరలో సీఎన్‌జీ బంకు ఉన్న హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలవారు కిట్ గురించి ఆలోచించవచ్చు. మీ మోడలుకు ఆమోదం ఉన్న కిట్టే అయి ఉండాలి, అమర్చే కేంద్రానికి అనుమతి ఉండాలి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంధనం మార్పు నమోదు కావాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి, సిలిండరును మూడేళ్లకోసారి పరీక్షించాలి. ఆర్సీ గడువు ముగియబోతుంటే ముందు దాని పునరుద్ధరణ సంగతి తేల్చుకుని తరువాతే కిట్‌కు డబ్బు కట్టండి. వంటింటి గ్యాస్ సిలిండరుతో కారు నడపడం నేరం, కుటుంబాన్ని బాంబు పక్కన కూర్చోబెట్టినట్టే.

పెట్రోల్ పైపుకు తగిలించే అయస్కాంతాలు, సిగరెట్ లైటరులో గుచ్చే పరికరాలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసే సీసాలు, ట్యాంకులో వేసే మాత్రలు పనిచేయవు. కార్బురేటర్ స్క్రూ బిగించి పెట్రోల్ మరీ తగ్గిస్తే నెల రోజులు మైలేజీ కనిపించి తరువాత వాల్వులు కాలుతాయి. దిగువ రోడ్డులో ఇంజిన్ ఆపేసి దొర్లించే అలవాటు ఉన్నవారు దయచేసి మానండి. బ్రేకు బూస్టరుకు బలం పోతుంది, తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగ్ బిగిసిపోతుంది.

9. ఫలితం సరిచూసుకోవడం

ఒకసారి ఒక్క మెట్టే చేసి, మళ్లీ రెండు మూడు ట్యాంకులు కొలవండి. నోటు పుస్తకంలో తేదీ, మీటరు, లీటర్లు, ఏసీ వాడకం, ఊళ్లోనా హైవే మీదా అనేది రాయండి. వేసవిలో ముందు కొలత, చలికాలంలో తరువాతి కొలత తీసి తేడా అంతా మరమ్మతు పుణ్యమే అనుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. మూడు శాతం కంటే తక్కువ తేడాను తేడాగా లెక్కించవద్దు, బంకు దగ్గర నేల వాలు మారినా అంత తేడా వస్తుంది.

రెండు నుంచి ఐదు మెట్ల వరకు పూర్తిచేసినా అంకె కదలకపోతే, మూడు సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష చేయించండి. మూడూ పుస్తకంలోని కనిష్ఠ పరిమితికి పైన, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, క్లచ్ జారుతోందేమో చూడాలి. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఇంజిన్ మోత మాత్రమే పెరిగితే క్లచ్ ప్లేటు అరిగినట్టు. కంప్రెషన్ తగ్గిన సిలిండరు బయటపడితే మాత్రం రింగుల పని ఖర్చెంతో అడిగి, నెలకు మీరు తిరిగే కిలోమీటర్ల మీద ఆదా అయ్యే పెట్రోల్ ఎంతో లెక్క వేసి, ఆ తరువాతే ఇంజిన్ విప్పడానికి అనుమతి ఇవ్వండి.